తెర మీది తెలుగు వాక్యం: లినక్స్ అనువాదాల భాష – ఒక పరిశీలన

ప్రవేశిక

1991 ఆగస్టులో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తాను రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ గురించి మొదటిసారి ప్రకటించినప్పుడు, అది కేవలం తన సరదా కోసం చేస్తున్న పని అని చెప్పుకున్నాడు. ఆ పనికి లినక్స్ అనే పేరు స్థిరపడింది. మరుసటి సంవత్సరం అది గ్నూ సార్వజనిక లైసెన్సు కిందికి వచ్చింది. దానితో ఆ ప్రోగ్రామును ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని పంచవచ్చు అన్న హక్కు చట్టబద్ధమైంది. తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ చరిత్రతో పని ఏమిటనే ప్రశ్న సహజమే. మార్చే హక్కులో అనువదించే హక్కు కూడా ఇమిడి ఉంది. తమ యంత్రం తమ భాషలో మాట్లాడాలని కోరుకున్న తెలుగువారు ఏ సంస్థ అనుమతికీ ఎదురుచూడకుండా ఆ హక్కును వాడుకున్నారు. గ్నోమ్, కేడీఈ వంటి డెస్క్‌టాప్ వ్యవస్థలకు, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ వంటి అనువర్తనాలకు, వికీపీడియా నడిచే మీడియావికీకి తెలుగు పాఠాలు ఏర్పడ్డాయి. వేతనం మీద పనిచేసిన అనువాదకులు కొందరున్నా, ఈ పాఠాల్లో పెద్ద భాగం సాయంత్రం వేళల్లో, సెలవు రోజుల్లో ఇష్టం కొద్దీ కూర్చున్నవారు రాసినదే.

ఈ పాఠాలపై చర్చ జరగలేదని అనలేము. జరిగిన చర్చంతా మాటల చుట్టూ తిరిగింది. 'ఫైలు' అనాలా, 'దస్త్రం' అనాలా? 'పాస్‌వర్డ్' ఉండగా 'సంకేతపదం' ఎందుకు? కృతకమైన మాటల వల్లనే జనం తెలుగు తెరను వదిలి ఇంగ్లీషు తెరకు వెళ్లిపోతున్నారన్నది తరచుగా వినిపించే అభిప్రాయం. ఈ వ్యాసం ఆ అభిప్రాయంతో ఏకీభవించదు. లినక్స్ తెలుగులో విఫలమైనది పదం కాదు, వాక్యం. కొత్త పదం పదిసార్లు చూస్తే అలవాటవుతుంది. తప్పుగా కట్టిన వాక్యం వందోసారి చూసినా తప్పుగానే వినిపిస్తుంది.

పాఠ స్వరూపం

విమర్శకు ముందు ఈ పాఠం ఎలా తయారవుతుందో తెలియాలి. 1995 నుంచి వాడుకలో ఉన్న గ్నూ గెట్‌టెక్స్ట్ పద్ధతిలో ప్రోగ్రాము తెర మీద చూపే ప్రతి మాటా, ప్రతి వాక్యమూ ఒక ప్రత్యేకమైన ఫైలులో వరుసగా చేరుతుంది. పైన ఇంగ్లీషు మూలం, కింద అనువాదానికి ఖాళీ. అనువాదకుడు ఆ ఖాళీలు పూరిస్తాడు. అతని ముందు సన్నివేశం ఉండదు. 'ఓపెన్' అన్న మాట మీట మీద కనిపించే ఆజ్ఞో, 'తెరిచి ఉన్నది' అనే స్థితిని తెలిపే విశేషణమో ఆ ఫైలును బట్టి తెలియకపోవచ్చు. నాటకంలోని సంభాషణలను పాత్రల పేర్లు తీసేసి, రంగాల క్రమం చెరిపేసి అనువదించమన్నట్టుంటుంది ఆ పని.

రెండో విశేషం, ఈ పాఠం ఎన్నడూ పూర్తి కాదు. గ్నోమ్ వంటి వ్యవస్థ ఆరు నెలలకొకసారి కొత్త రూపంలో విడుదలవుతుంది. మూలవాక్యంలో ఒక్క మాట మారినా, దాని అనువాదానికి 'ఫజీ' అనే గుర్తు పడుతుంది. ఇది పాతబడి ఉండవచ్చు, సరిచూడాలి అని దాని అర్థం. సరిచూసేవరకు ఆ అనువాదం తెర మీదికి రాదు, దాని స్థానంలో ఇంగ్లీషు వాక్యం కనిపిస్తుంది. అనువాదకుడు ఉద్యోగం మారి, పెళ్లి చేసుకుని, లేదా ఊరికే విసిగి ఒక ఏడాది పక్కకు తప్పుకుంటే తెలుగు తెర మీద ఇంగ్లీషు మచ్చలు తేలడం మొదలవుతుంది. అచ్చయిన అనువాద గ్రంథం చదివేవారు లేక మరుగున పడవచ్చు గాని, దాని పుటల్లోని అక్షరాలు వాటంతట అవి మూలభాషలోకి తిరిగిపోవు. ఇక్కడ జరిగేది అదే.

ప్రతి మార్పూ, మార్చినవారి పేరూ, తేదీ గిట్ వంటి సాధనాల్లో నిలిచి ఉంటాయి. తాళపత్రాల పాఠభేదాలను ఊహతో పునర్నిర్మించే పరిష్కర్తకు ఇది అసూయ కలిగించే సౌకర్యం. 'సంకేతపదము' ఏ రోజున 'సంకేతపదం' అయిందో, ఎవరి చేతిలో అయిందో చూడవచ్చు. ఇంత వివరమైన పాఠచరిత్ర గల ఆధునిక తెలుగు రచనలు అరుదు. అయినా పాఠ పరిష్కరణ బోధించే శాఖలకు ఇది పాఠ్యవస్తువు కాలేదు.

దస్త్రం వివాదం

మాటల సంగతి కొంత చెప్పుకోక తప్పదు. 'దస్త్రం' మీద కృతకమనే నింద ఉంది. కానీ అది అనువాదకులు పుట్టించిన మాట కాదు. ఉర్దూ, మరాఠీ పరిపాలనా పరిభాషల దారిన వచ్చి కచేరీల్లో, కరణాల ఇళ్లల్లో వాడిన మాట, కాగితాల కట్ట అని అర్థం. ఇంగ్లీషు 'ఫైల్' కూడా దారం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చినదే. కాగితాలను దారానికి గుచ్చి ఉంచే అలవాటు దాని వెనుక ఉంది. కట్టిన కాగితాలు అన్న ఒకే ఊహను రెండు భాషలూ పట్టుకున్నాయి. కాబట్టి ఇది మంచి అనువాదమే. ఇంకో విచిత్రమేమంటే, దీన్ని గ్రాంథికమని ఆక్షేపించేవారూ, అచ్చ తెలుగని మెచ్చుకునేవారూ ఇద్దరూ పొరపడుతున్నారు.

'ఫ్రీ సాఫ్ట్‌వేర్' విషయంలో తెలుగు ఇంగ్లీషు కంటే మెరుగైన స్థితిలో ఉంది. ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాటకు ధర లేనిదనీ, స్వాతంత్ర్యం గలదనీ రెండర్థాలు. 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్, ఆయన అనుయాయులు తమ ఉద్దేశం రెండోదని దశాబ్దాలుగా వివరిస్తూ వస్తున్నారు. తెలుగులో 'ఉచితం' వేరు, 'స్వేచ్ఛ' వేరు. వివరణ అవసరమే లేదు. అయినా 'ఉచిత సాఫ్ట్‌వేర్' అన్న అనువాదం పత్రికల్లో స్థిరపడి, లేని సందిగ్ధాన్ని తెచ్చిపెట్టింది. ('తగినది' అన్న సంస్కృతార్థం 'సముచితం', 'ఔచిత్యం' వంటి మాటల్లో మిగిలి, 'ఉచితం' మాత్రం తెలుగులో వెల లేనిదానికి పరిమితం కావడం వేరొక వ్యాసానికి వస్తువు.)

మాటల నిర్ణయంలో అసలు లోపం మరొకచోట ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను రైతుల నోట విని సేకరించింది. ఆ తరువాత చేనేత పదాలదీ అదే పద్ధతి. పనిచేసేవాడి మాటే పరిభాష అన్నది ఆ కృషికి మూలసూత్రం. లినక్స్ వాడే తెలుగు యువకుడు పనిచేస్తూ ఏమంటాడు? 'కర్నెల్ అప్‌డేట్ చేశాక వైఫై పోయింది', 'పెన్‌డ్రైవ్ మౌంట్ కావట్లేదు', 'కంపైల్ చేస్తుంటే మధ్యలో ఆగింది', 'టెర్మినల్‌లో ఈ కమాండ్ కొట్టు'. నామవాచకాలన్నీ ఇంగ్లీషువే. ఇక్కడితో ఆగి ఇది భాషాసంకరం అని తేల్చేయడం సులభం. కానీ క్రియలను చూడాలి. 'మౌంట్ చేయు – మౌంట్ అవు', 'కంపైల్ చేయు – కంపైల్ అవు' అని సకర్మక అకర్మక జంటలు ఎంత నియతంగా ఏర్పడుతున్నాయో గమనించాలి. 'కమాండ్ కొట్టు', 'రీస్టార్ట్ పెట్టు' అన్నప్పుడు కొట్టు, పెట్టు క్రియలు కొత్త అర్థచ్ఛాయలు సంతరించుకుంటున్నాయి. పదాలు పరాయివి, వ్యాకరణం తెలుగుది. అనువాదాల్లో దీనికి సరిగ్గా తలకిందులుగా జరిగింది. పదాలు దేశీయమైనాయి, వాక్యం పరాయిదైంది.

వాక్యం విరిగే చోట్లు

ఫైలును దాచిన తరువాత తెర మీద కనిపించే సమాచారాన్ని తీసుకుందాం. అనువాదాల్లో తరచుగా ఎదురయ్యే రూపం 'దస్త్రం భద్రపరచబడినది'. కర్మణి ప్రయోగం తెలుగుకు సహజం కాదని భాషావేత్తలు చెబుతూనే ఉన్నారు, అనువాదకులు వాడుతూనే ఉన్నారు. దాన్ని అలవాటు దోషంగా కొట్టిపారేస్తే అసలు నష్టం కనపడదు. వాడుకలో తెలుగువాడు మూడు స్థితులను వేరుచేస్తాడు. 'ఫైలు డిలీట్ చేశాను' అంటే తెలిసి చేసిన పని. 'డిలీట్ అయింది' అంటే పని పూర్తయిందన్న సమాచారం. 'డిలీట్ అయిపోయింది' అంటే తన ప్రమేయం లేకుండా జరిగిందన్న విచారం. ఒక్క 'పోవు' ధాతువుతో అపరాధం ఎవరిదో తేలిపోతుంది. 'తొలగించబడినది' అన్న రూపంలో ఈ మూడూ కలిసిపోయి, చేసినదెవరో, బాధపడవలసినదెవరో తెలియని కచేరీ భాష మిగులుతుంది. 'భద్రమైంది', 'తొలగింది' అన్న చిన్న మాటలు చేతిలోనే ఉన్నాయి. 'దస్త్రం భద్రమైంది' అన్నప్పుడు దస్త్రం అన్న మాట ఎవరికీ కృతకంగా తోచదు.

మరింత జటిలమైనది విభక్తి సమస్య. ప్రోగ్రాము వాక్యాల్లో ఖాళీ గడులుంటాయి, వాడే సమయంలో అక్కడ ఏదో ఒక పేరు వచ్చి చేరుతుంది. ఇంగ్లీషులో పేరు మారినా చుట్టూ ఉన్న వాక్యం మారదు. తెలుగులో పేరును బట్టి ప్రత్యయం మారుతుంది, కొన్నిచోట్ల పేరే మారుతుంది. ఇ, ఈ, ఐ అంతమందున్న శబ్దాల మీద 'ను' కాస్తా 'ని' అవుతుందని బాలవ్యాకరణం చదివిన ప్రతివారికీ తెలుసు. ఔపవిభక్తికాల సంగతి సరేసరి. అనువాదకుడు 'గడి ను తొలగించాలా?' అన్న నమూనాలో వాక్యం రాసి పెడతాడు. వాడుకరి తన ఫోల్డరుకు 'నివేదిక' అని పేరు పెడితే, ఎడం తప్ప ఇబ్బంది లేదు. 'డైరీ' అని పెడితే 'డైరీ ను తొలగించాలా?' అని అడుగుతుంది. 'ఇల్లు' అని పెట్టుకుంటే 'ఇల్లు ను తొలగించాలా?' అంటుంది. 'ఇంటిని' అనడం దానికి రాదు. 'పుస్తకం' అయితే 'పుస్తకం ను'. తెలుగు పిల్లలెవరూ చేయని తప్పును యంత్రం రోజూ చేస్తుంది. విరిగిన ఈ వాక్యమే చదివేవారికి పరాయితనాన్ని కలిగిస్తుంది, నింద మాత్రం పక్కనున్న 'దస్త్రం' మీద పడుతుంది.

ఇది పరిష్కారం లేని చిక్కు కాదు. అనుకరణ శబ్దం ఉండనే ఉంది. '"ఇల్లు" అనే సంచయాన్ని తొలగించాలా?' అని రాస్తే ఖాళీలో ఏ పేరు వచ్చినా అది ప్రథమలోనే నిలుస్తుంది, విభక్తి భారమంతా అనువాదకుని అధీనంలో ఉన్న 'సంచయం' మీద పడుతుంది. 'అని', 'అనే' రూపాలకు తెలుగు వాక్యంలో ఉన్న శక్తి ఇదే. పరాయి మాటను, పరుల మాటను చెక్కు చెదరకుండా వాక్యంలో కూర్చోబెట్టగలవు. చేయి తిరిగిన అనువాదకులు ఈ ఉపాయాన్ని ఏ వ్యాకరణం చెప్పకుండానే పట్టుకున్నారు. మిగిలినవారికి అది అందకపోవడానికి కారణం, అనువాద బృందాలు పదకోశాలను తయారుచేసుకున్నంత శ్రద్ధగా వాక్యనమూనాలను తయారుచేసుకోకపోవడం. పదాల పట్టికను ఇంజినీరు ఎవరి సాయం లేకుండా రాయగలడు. వాక్యనమూనాల పట్టిక రాయడానికి వ్యాకరణం తెలిసినవారు పక్కన కూర్చోవాలి. ఆ కుర్చీ ఖాళీగా ఉంది.

ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్న స్పృహ కూడా వాక్యానికి సంబంధించినదే. మీటల మీది మాట మనిషి యంత్రానికిచ్చే ఆజ్ఞ. అక్కడ 'తెరువు', 'మూసివేయి', 'వెతుకు' అన్న ఏకవచనం తగినదే. సందేశం యంత్రం మనిషికి చెప్పేది. అక్కడ 'సంకేతపదం ఇవ్వండి' అనాలి. ఇంగ్లీషు క్రియలో ఈ రెండింటికీ భేదం లేదు కనుక మూలం చూసి రాసే అనువాదకుడు జారిపోతాడు. మర్యాదగా 'తెరవండి' అని మీట మీద రాసినవాడు తెలియకుండానే యంత్రాన్ని పెద్దమనిషిని చేస్తాడు. 'సంకేతపదం ఇవ్వు' అని సందేశంలో రాసినవాడు వాడుకరిని కసురుతాడు. తొలితరం అనువాదాల్లో కనిపించే 'ఎంచుకొనుము', 'మూసివేయుము' రూపాలు ఈ ఇబ్బందిని గ్రాంథికం చాటున దాచాయి. స్వేచ్ఛా లైసెన్సుతో లభించే తెలుగు ఖతుల్లో గిడుగు పేరిట ఒకటి, గురజాడ పేరిట ఒకటి ఉన్నాయి. గిడుగు ఖతిలో 'మూసివేయుము' అని చదవవలసి రావడం చరిత్ర చేసిన చిన్న పరిహాసం.

మహత్తు, అమహత్తు

వచనభేదాన్ని గెట్‌టెక్స్ట్ గుర్తిస్తుంది. తెలుగుకు అది నిర్ణయించుకున్న సూత్రం సరళం, ఒకటైతే ఏకవచనం, కాకుంటే బహువచనం. '1 దస్త్రం', '5 దస్త్రాలు'. అంతవరకు బాగుంది. కానీ తెలుగు లెక్క వస్తువులకు వేరు, మనుషులకు వేరు. 'రెండు దస్త్రాలు' అంటాం, 'ఇద్దరు వాడుకరులు' అంటాం. '2 వాడుకరులు' అని తెర మీద ఉన్నప్పుడు చదువరి నోటికి 'రెండు వాడుకరులు' అనే వస్తుంది, మనుషులు వస్తువులవుతారు. 'వాడుకరుల సంఖ్య: 2' అని తప్పించుకోవచ్చు, అది వాక్యం కాదు, పట్టిక. క్రియ దగ్గర మరో చిక్కు. 'వాడుకరి చేరాడు' అంటే స్త్రీలు తప్పిపోతారు. 'చేరింది' అంటే పురుషులు అమహత్తులో పడతారు. 'చేరారు' అన్న గౌరవ బహువచనం ఒక్కటే దారి. వాడుకరి లింగాన్ని బట్టి వాక్యాన్ని మార్చుకునే వెసులుబాటు మీడియావికీలో ఉంది, అది వాడుకరి తన వివరం తెలిపినప్పుడే పనిచేస్తుంది. కంప్యూటర్ శాస్త్రం భాషలన్నిటికీ ఉమ్మడిగా కట్టిన చట్రంలో చిన్నయసూరి మహద్వాచకానికి చోటు లేదు. ఆ చోటు కావాలని అడగవలసినవారు, అడిగితే ఎలా అడగాలో తెలిసినవారు, తెలుగు శాఖల్లో ఉన్నారు.

యునికోడ్ విషయంలో అడగడం వల్ల ఫలితం వచ్చిన సందర్భం ఉంది. తెలుగుకు కేటాయించిన 128 స్థానాల్లో నకారపొల్లుకు చాలాకాలం చోటు లేదు. 2021లో అది చేరింది. పాత పుస్తకాల్లోని పొల్లును ఉన్నదున్నట్టు కీబోర్డు మీద రాయాలనుకున్న పరిష్కర్తకు అది చిన్న విషయం కాదు.

రచ్చబండ

తెలుగు డెస్క్‌టాప్‌ను, తెలుగు వికీపీడియాను పక్కపక్కన పెడితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో సముదాయం చర్చించుకునే చోటు పేరు 'రచ్చబండ'. ఇంకా ఎదగని చిన్న వ్యాసం 'మొలక'. పదేపదే వాడే అచ్చు 'మూస'. రాయడం నేర్చుకునేచోటు 'ప్రయోగశాల'. వీటిలో ఏదీ మూలపదానికి మాటకు మాట అనువాదం కాదు. ఇంగ్లీషులో ఊరి పంపు ఉన్నచోట తెలుగులో రచ్చబండ వచ్చింది, ఇసుకపెట్టె ఉన్నచోట ప్రయోగశాల. రాసేవారు వాటిని ఇతరులకు వివరించకుండా మామూలు మాటల్లో దొర్లిస్తారు, 'రచ్చబండలో పెట్టండి', 'ఇది మొలకే కదా' అంటారు. మాటలకు బహువచనాలు వచ్చాయి, విభక్తులు వచ్చాయి, సమాసాలూ వచ్చాయి.

డెస్క్‌టాప్ అనువాదంలో ఇది జరగకపోవడానికి అనువాదకుల అసమర్థతను కారణంగా చూపడం అన్యాయం. రచ్చబండను సృష్టించినవారు రచ్చబండలోనే కూర్చున్నారు, తాము పెట్టిన పేరును తామే రోజూ పిలిచారు. డెస్క్‌టాప్ అనువాదకుల్లో చాలామంది తమ యంత్రాన్ని ఇంగ్లీషులోనే నడుపుకుంటారు, దానికి బలమైన కారణాలున్నాయి. యంత్రం తెలుగులో ఒక దోషం చూపితే, ఆ దోషానికి మందు వెతుక్కోవడానికి ఇంగ్లీషు వాక్యమే కావాలి. అందుకే అనుభవం గలవారు కమాండుకు ముందు భాషను ఇంగ్లీషుకు మార్చే ఒక చిన్న సూచన చేర్చి దోషాన్ని మళ్లీ రప్పించుకుంటారు. లినక్స్ అభిమానికి అత్యంత ఆప్తమైన స్థలం టెర్మినల్. అది ప్రతి అక్షరాన్నీ సమానమైన గడిలో కూర్చోబెట్టే పాత టైపురైటరు సంప్రదాయంలో ఉంది. వత్తులు, గుణింతాలు కలిసి ఒక్క అక్షరంగా రూపుకట్టే తెలుగు లిపి ఆ గడుల్లో ఇమడదు, చాలా టెర్మినల్ ప్రోగ్రాముల్లో 'స్త్రీ' అన్న ఒక్క అక్షరమే ముక్కలవుతుంది. మెనూల్లో తెలుగు పెట్టుకున్నవాడు కూడా అసలు పని దగ్గరికి వచ్చేసరికి తెలుగును గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్తాడు.

టెర్మినల్ భాషలోని రూపకాలు ఇంతవరకు తెలుగులోకి రాకపోవడం వల్ల జరిగిన నష్టం సాహిత్య విద్యార్థికి ఎక్కువగా తెలుస్తుంది. యూనిక్స్ కుటుంబపు వ్యవస్థల్లో నడుస్తున్న ప్రతి ప్రక్రియకూ ఒక జనక ప్రక్రియ ఉంటుంది. జనకం ముందుగా పోతే మిగిలినది అనాథ, దాన్ని సాధారణంగా మొట్టమొదటి ప్రక్రియ దత్తత తీసుకుంటుంది. తాను ముగిసిపోయినా, జనకం వచ్చి లెక్క ముగించనందువల్ల జాబితాలో మిగిలిపోయినదాన్ని జోంబీ అంటారు. తెర వెనుక నిరంతరం పనిచేసేది డెమోన్, భౌతికశాస్త్రంలో మాక్స్‌వెల్ ఊహించిన భూతం పేరు దానికి వచ్చింది. దత్తతలు, కర్మకాండ జరగక తిరిగే ప్రేతాలు, ఊరి పొలిమేర కాచే పోతురాజులు ఉన్న భాషకు ఇవి అందని ఊహలు కావు. ఇక్కడ అనువాదం లిప్యంతరీకరణతో ఆగిపోయింది. లెక్క తీరక జాబితాలో మిగిలినదాన్ని 'ప్రేతం' అన్నవారు ఇంకా కనిపించరు. అంటే నవ్వేవారు ఉండవచ్చు. మొలకను చూసి కూడా మొదట్లో నవ్వేవారు ఉండే ఉంటారు.

ఈలోగా విడుదలలు ఆగవు. ప్రతి ఆరు నెలలకూ కొన్ని తెలుగు వాక్యాల మీద ఫజీ గుర్తు పడుతూనే ఉంది. వాటిలో 'భద్రపరచబడినది'లూ ఉన్నాయి, ఎవరో ఓపికగా కూర్చుని 'అనే' చేర్చి నిలబెట్టిన వాక్యాలూ ఉన్నాయి. గుర్తు రెండింటికీ ఒకటే. మూలవాక్యం మారిందని అది చెప్పగలదు గాని, కింద ఉన్న తెలుగు ఎలాంటిదో చెప్పలేదు.